చేయి తడి లెక్క: ఏది ఇంట్లో చేసుకోవాలి, ఏది కొనుక్కోవాలి

పోయినేడు ఎండాకాలంలో మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. మర్నాడు పొద్దున్నే పాలకోసం ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయారు. లోపల దోసె పిండి ప్యాకెట్ బంతిలా ఉబ్బి, ఒక మూల పగిలి, కింది అరలో కొత్తిమీర మీదికి కారుతోంది. "ఇదేంటమ్మాయ్, మనం లేవకముందే దోసెలు పోసుకునేట్టుందే ఇది" అన్నారు.

ప్యాకెట్టు పిండి కొన్నానని ఒక్క మాట అనలేదు ఆవిడ. తుడిచాక అడిగారు: "పిండి రుబ్బుకోవడానికి నీకెంతసేపు పడుతుంది?"

"రోజంతా పడుతుంది అత్తయ్యా. నాననివ్వాలి, రుబ్బాలి, పులవనివ్వాలి."

"రోజంతా పప్పుకి పడుతుంది. నీకెంత పడుతుందని కదా అడిగాను."

ఆ ఆదివారం ఫోనులో టైమర్ పెట్టి చూశాను. కడగడం, రుబ్బడం, కలపడం, మిక్సీ గిన్నె తోమడం అన్నీ కలిపి నా చేయి తడిసింది 26 నిమిషాలు. మిగతా పద్దెనిమిది గంటలూ పప్పు తన పని తాను చేసుకుంది, నేను నా పని చేసుకున్నాను. అప్పట్నుంచి ఏది కొనాలో ఏది చేసుకోవాలో నేను ఈ లెక్కతోనే తేల్చుకుంటున్నాను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లు మాది. మీదీ అలాంటిదే అయితే ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చకండి

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి, పక్కనే పెన్ను వేలాడదీయండి. ఇంట్లో ఎవరు ఏ ప్యాకెట్ చించినా అందులో రాయాలి. ఏమిటి, ఏ పూట, ఎందుకు, అంతే. "ఆకలేసింది", "టైం లేదు", "ఊరికే" అన్నీ సరైన జవాబులే. ఈ వారం ఎవరూ ఎవర్నీ దెప్పకూడదు. దెప్పితే రాయడం మానేస్తారు, తినడం మానరు. బయట నుంచి ఆర్డర్ పెట్టిన తిండి వేరే కథ, దాన్ని ఇందులో కలపకండి.

మా కాగితం ఇలా తేలింది: దోసె పిండి మూడు ప్యాకెట్లు, పెరుగు కప్పులు అయిదు, నూడుల్స్ నాలుగు, బ్రెడ్ రెండు, అల్లం వెల్లుల్లి పేస్ట్ సీసా ఒకటి, రెడీమేడ్ కూర మసాలా ఒకటి. చిప్స్ ఎన్నో చెప్పను. చూస్తే తెలిసిపోయింది, డబ్బూ చోటూ తింటున్నవి మళ్లీ మళ్లీ వచ్చే మూడు నాలుగు వస్తువులే. మన శ్రమ కూడా వాటి మీదే పెట్టాలి. ఏడాదికి రెండుసార్లు చేసే గులాబ్ జామూన్‌కి ప్యాకెట్ వాడారా, కోవా తెచ్చి చేశారా అన్నది ఎవరికీ అక్కర్లేని చర్చ.

తర్వాత ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందువైపు ఉండే "ఇంటి రుచి", "అమ్మ చేతి వంట" లాంటివి రుచి గురించి చెప్పే మాటలు. లోపల ఏముందో చెప్పేది వెనకవైపు చిన్న అక్షరాలు. నాలుగు చూస్తే చాలు.

మొదటిది, పదార్థాల వరస. బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రావాలి, ఆ తర్వాత తగ్గుతూ పోవాలి. ఇది నియమం. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే సగం తెలిసిపోతుంది. అల్లం వెల్లుల్లి పేస్ట్‌లో అల్లానికి ముందే నీళ్లు కనిపిస్తే మీరు కొంటున్నది ఏమిటో అర్థమవుతుంది. "బాదం" అని బొమ్మ వేసిన పాలపొడి మిక్స్‌లో పంచదార మొదటి పేరుగా, బాదం చివర్న ఉంటే అది పంచదార డబ్బానే.

రెండోది, ఐఎన్ఎస్ నంబర్లు, అంటే తిండిలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంతర్జాతీయ నంబర్లు. వీటిని చూడగానే భయపడక్కర్లేదు. 330 అంటే సిట్రిక్ ఆమ్లం, నిమ్మకాయలో ఉండేదే. 500 సోడా ఉప్పు జాతి. 260 వెనిగర్‌లో ఉండే ఆమ్లం. 415 శాంథాన్ గమ్, చిక్కదనం కోసం. 211, 202 చెడిపోకుండా కలిపేవి. 621 అజినొమోటో. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పని చేయడానికి మన వంటింట్లో ఇంకేదైనా ఉందా? చిక్కదనం కోసం గమ్ వేశారంటే అసలు సరుకు పల్చగా ఉండి ఉండొచ్చు. మన పేస్ట్ మనమే గట్టిగా రుబ్బుకుంటే గమ్ అవసరమే రాదు.

మూడోది సోడియం. 100 గ్రాములకు ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. ఒక ప్యాకెట్ మీద 100 గ్రాములకు 1200 అని ఉందనుకోండి. మీరు తినే 70 గ్రాముల్లో 840 మిల్లీగ్రాముల సోడియం, అంటే రెండు గ్రాములు దాటిన ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఒక చిన్న గిన్నెడు నూడుల్స్‌తోనే రోజు కోటాలో అయిదింట రెండు వంతులు అయిపోతే, రాత్రి పప్పులోకి ఆవకాయ వేసుకునేటప్పుడు గుర్తొస్తుంది.

నాలుగోది తేదీ, దాంతోపాటు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) గుర్తు కింద 14 అంకెల లైసెన్స్ నంబర్. వీధి చివర స్వగృహ కొట్లో విడిగా కొనే వాటికి లేబుల్ ఉండదు కాబట్టి నోటితో అడగాలి: "ఎప్పుడు చేశారండీ?" విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు నుంచి నియమం ఉంది. అడగడానికి మొహమాటం దేనికి?

ఇప్పుడు చేయి తడి లెక్క

మీ కాగితం మీద మళ్లీ మళ్లీ వచ్చిన ప్రతి వస్తువుకూ రెండు అంకెలు రాయండి. ఇంట్లో చేస్తే చేయి ఎన్ని నిమిషాలు తడుస్తుంది? చేసినది ఎన్ని పూటలు వస్తుంది? మొదటిదాన్ని రెండోదానితో భాగించండి.

మా ఇంట్లో ఇలా వచ్చింది. పెరుగు: మూడు నిమిషాలు, రెండు పూటలు. పిండి: 26 నిమిషాలు, నాలుగు టిఫిన్లు. పుట్నాల పొడి: ఆరు నిమిషాలు, పది రోజులు. అల్లం వెల్లుల్లి: అరగంట, నెల. అప్పడాలు: సగం రోజు, అదీ డాబా, ఎండ, ముగ్గురు మనుషులు ఉంటే. అప్పడాలు కొనడమే.

పూటకు పది నిమిషాల లోపు తేలినవన్నీ ఇంట్లో చేసుకోండి. పైన తేలినవి కొనండి. గీత పదిదగ్గరే ఎందుకంటే నా ఓపిక అంత. మీది పదిహేనైతే పదిహేను.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేసుకోండి, కళ్లు తెరుచుకుంటాయి. 200 గ్రాముల మినపగుళ్లు, 400 గ్రాముల ఇడ్లీ రవ్వ నీళ్లు పీల్చి, రుబ్బాక కిలోన్నరకు కాస్త తక్కువ పిండి అవుతుంది. ఇడ్లీ సైజును బట్టి ముప్పై నుంచి ముప్పై అయిదు. మీ కిరాణా కొట్టులో పప్పు ధర, రవ్వ ధర, కిలో పిండి ప్యాకెట్ ధర పక్కపక్కన రాసి చూడండి. ప్యాకెట్లో మీరు డబ్బు పెట్టి కొంటున్నదాంట్లో సగం పైగా నీళ్లేనని తెలుస్తుంది.

పిండి: ఇక్కడ కొంచెం నిదానంగా

మొత్తం పద్ధతిలో ఇదొక్కటి కుదిరితే మిగతావి వాటంతటవే కుదురుతాయి. అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను.

శనివారం పదకొండు గంటలకు ఒక గ్లాసు మినపగుళ్లు, అర చెంచా మెంతులు కలిపి రెండుసార్లు కడిగి అయిదారు గంటలు నానబెట్టండి. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వను విడిగా నానేయండి. గ్లాసు ఏదైనా ఫరవాలేదు, రెండిటికీ అదే గ్లాసు కావాలి. పప్పు కడగడంలో అతి చేయకండి. ఏడెనిమిది నీళ్లు మార్చి రుద్ది రుద్ది కడిగితే జిగురు పోతుంది, పిండిలో గాలిని పట్టి ఉంచేది ఆ జిగురే.

సాయంత్రం నాలుగూ అయిదు మధ్య రుబ్బండి. గ్రైండర్ ఉంటే మీరు అదృష్టవంతులు, పిండి ఎక్కువ వస్తుంది, వేడెక్కదు. మిక్సీ అయితే పప్పును రెండు మూడు వాయిలుగా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్లతో, నిమిషం తిప్పి అరనిమిషం ఆపుతూ రుబ్బండి. మిక్సీ గిన్నె బయట చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా తగిలిందా, ఆపేయండి. వేడెక్కిన పిండి పులుస్తుంది గాని పొంగదు, ఇడ్లీ గట్టిపడుతుంది. నేను మొదటి ఏడాది అంతా "మినప్పప్పు మంచిది కాదు" అని కొట్టువాణ్ని తిట్టుకున్నాను. తప్పు నా మిక్సీది. కాదు, ఆపకుండా తిప్పిన నాది.

అయిందని ఎలా తెలుస్తుంది? ఒక గిన్నెలో నీళ్లు పోసి గోళీకాయంత పిండి వేయండి. తేలితే అయినట్టు. మునిగితే ఇంకో నిమిషం.

నానిన రవ్వను పిడికిట్లో గట్టిగా పిండి, పప్పు పిండిలో వేసి, ఉప్పు చల్లి, చేత్తో కలపండి. గరిటెతో కాదు. చేతి వేడి మంచిదంటారు పెద్దలు. దాని సంగతి ఎలా ఉన్నా, ఎక్కడ రవ్వ ముద్దగా ఉండిపోయిందో చేతికే తెలుస్తుంది. పిండి సగం వరకే వచ్చే గిన్నె తీసుకోండి, అది పొంగి ఇంకో సగం అడుగుతుంది. అడుగున పళ్లెం పెట్టండి. పళ్లెం పెట్టని రాత్రే పొంగి పొర్లుతుంది, ఇది మాత్రం నేను చూసిన సత్యం.

పులవడం కోసం మనం వేసేది ఏమీ లేదు. పప్పు మీదే ఉండే బ్యాక్టీరియా, అందులో ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ అనేది, రాత్రంతా పనిచేసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. దానికి ముప్పై డిగ్రీల దగ్గర హాయి. అందుకే మే నెలలో విజయవాడలో ఆరేడు గంటలకే పొంగుతుంది, జనవరిలో పన్నెండు పద్నాలుగు గంటలైనా ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది. చలికాలం ఆఫ్ చేసిన ఓవెన్‌లోనో, బియ్యం డబ్బా పక్కన దుప్పటి చుట్టో పెట్టండి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెడతాడు, ఆ బల్బు వేడి సరిపోతుందట. ఓవెన్ మీద "లోపల పిండి ఉంది" అని చీటీ అంటించడం మాత్రం మరిచిపోకండి. ఒకసారి వాడి రూమ్మేటు పిజ్జా కోసం ఓవెన్ వేడి చేశాడు.

పొంగిన పిండిని గిలక్కొట్టకండి. కింది నుంచి రెండుసార్లు నెమ్మదిగా తిరగేసి, ఆదివారానికి కావలసినంత తీసుకుని, మిగతాది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోనూ పులుస్తూనే ఉంటుంది, కాస్త నిదానంగా. మా ఇంట్లో ఉబ్బి పగిలిన ప్యాకెట్ కథా అదే. ఫ్యాక్టరీ నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఎక్కడో చల్లదనం తప్పింది, పిండి తన పని తాను చేసుకుపోయింది. ప్యాకెట్ కొనాల్సి వచ్చినప్పుడు తేదీతో పాటు పొట్ట కూడా చూడండి. ఉబ్బినది వద్దు.

మన ఇళ్లలో చాలాచోట్ల ఇడ్లీలు, దోసెలు ఒకే పిండితో వేయరు, నిజమే. ఇడ్లీ రవ్వ పిండితో దోసె పోస్తే గరుకుగా వస్తుంది. అందుకే నేను ఒక వారం ఇడ్లీ పిండి, ఒక వారం దోసె పిండి రుబ్బుతాను. దోసెకైతే గ్లాసు మినప్పప్పుకు మూడు గ్లాసుల బియ్యం, గుప్పెడు అటుకులు. ఒకే రోజు రెండూ రుబ్బాలని ఉత్సాహపడకండి. ఆ ఉత్సాహం మూడో వారానికి ఉండదు.

ఇంతా చదివాక "ఇదంతా నావల్ల కాదు" అనిపించిందా? మీకోసమే పెసరట్టు ఉంది. రాత్రి పెసలు నానేయండి, పొద్దున గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిరపకాయలతో రుబ్బి వెంటనే పోసేయండి. పులవక్కర్లేదు, పొంగక్కర్లేదు. చేయి తడి పది నిమిషాలు.

అల్లం వెల్లుల్లి

నకిలీ అల్లం వెల్లుల్లి పేస్ట్ తయారుచేస్తున్న చోట్ల హైదరాబాద్‌లో పోలీసులు దాడులు చేసిన వార్తలు మీరూ చూసే ఉంటారు. అవి చూసి వారం రోజులు ఇంట్లో దంచి, ఎనిమిదో రోజు మళ్లీ సీసా కొనుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎందుకంటే వెల్లుల్లి వలవడం విసుగు. ఆ విసుగును నెలకు ఒక్కసారికి కుదించుకోవాలి.

పావుకిలో వెల్లుల్లి విడదీసి గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేయండి. తొక్క చేతికి జారిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే స్టీలు డబ్బాలో వేసి మూతపెట్టి కుదపమనండి, వాళ్లకు ఆట, మీకు సగం పని. అల్లం తొక్కను చాకుతో కాదు, చెంచా అంచుతో గీకండి. తడంతా తుడవండి. అల్లం, వెల్లుల్లి సమానంగా తీసుకుని, రెండు చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, మూడు పెద్ద చెంచాల నూనె వేసి రుబ్బండి. ఒక్క చుక్క నీళ్లు పోయకండి.

వారానికి సరిపడా చిన్న సీసాలో తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మిగతాది ఐస్ ట్రేలో నింపి గడ్డకట్టాక ముక్కలు తీసి డబ్బాలో వేసి ఫ్రీజర్‌లోకి తోయండి. కూరకు ఒక ముక్క. రెండు మూడు నెలలు ఢోకా లేదు. సీసాను మాత్రం "నూనె ఉందిగా" అని స్టవ్ పక్కన వదిలేయకండి. గాలి తగలకుండా నూనెలో మునిగిన పచ్చి వెల్లుల్లి బయటి వేడిలో ఉంటే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం తెచ్చే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. ఆవకాయలో వెల్లుల్లి సంగతి వేరు, అక్కడ ఉప్పూ పులుపూ కాపలా ఉంటాయి.

ఒకసారి మూడో రోజుకి నా పేస్ట్ ఆకుపచ్చగా, నీలంగా మారింది. విషం అయిపోయిందనుకుని పారబోశాను. తర్వాత తెలిసింది, వెల్లుల్లిలోని గంధకం ఉన్న పదార్థాలు కలిసి అలా రంగు తేలుస్తాయట. ఎక్కువకాలం చల్లగా నిలవ ఉన్న వెల్లుల్లిలో ఇది మరీ. రంగే తప్ప హాని లేదు. వాసన మారితే, బూజు కనిపిస్తే మాత్రం పారేయండి.

పొడులు, పెరుగు

"ఏదో ఒకటి తినేద్దాం" అనిపించే రాత్రే ప్యాకెట్ చిరుగుతుంది. ఆ రాత్రి కోసం ఒక పొడి ఉండాలి. మన అమ్మమ్మలకు రెడీమేడ్ తిండి తెలియదనుకుంటాం. వాళ్ల అటక నిండా రెడీమేడే: వడియాలు, ఊరమిరపకాయలు, ఒరుగులు, పొడులు, పచ్చళ్లు. అన్నం ఒక్కటి వండితే భోజనం సిద్ధం. ఆ అటకలోంచి మనం ఒక్క అర దించుకుంటే చాలు.

తేలికైనది పుట్నాల పొడి. ఒక కప్పు పుట్నాల పప్పు, వేయించిన ఎండుమిరపకాయలు ఏడెనిమిది, చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు వేసి మిక్సీలో తిప్పండి. చివర్న అయిదారు వెల్లుల్లి రెబ్బలు తొక్కతోనే వేసి ఒక్కసారి తిప్పి ఆపేయండి. అంతే. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి పప్పు వేయించే పని లేదు.

కందిపొడికి మాత్రం ఓపికగా వేయించాలి. కప్పు కందిపప్పు, పావు కప్పు శనగపప్పు సన్నటి సెగ మీద, కమ్మటి వాసన వచ్చి రంగు మారేదాకా. ఇక్కడ తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తింటే కడుపు చెబుతుంది. వేయించినవి పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి. వేడిగా ఉండగా పొడి కొట్టి సీసాలో పోస్తే మూత లోపల ఆవిరి పట్టి వారంలో ముక్క వాసన వస్తుంది.

పెరుగు గురించి చెప్పడానికి ఏముంది? కాచిన పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి దిగాక చెంచాడు తోడు వేసి పడుకోండి. కప్పుల్లో కొనుక్కునే పెరుగు మా ఇంట్లో ఆగిపోవడానికి పట్టిన రోజులు సున్నా.

ఇవి కొనండి, మొహమాటపడకండి

ఇడ్లీ రవ్వ, సేమియా, అప్పడాలు, అటుకులు, బెల్లం, నెయ్యి, బ్రెడ్. వీటిని ఇంట్లో చేసి ఎవరికి నిరూపించాలి? సాంబారు పొడి కూడా నేను కొంటాను. ధనియాలు, మెంతులు, ఎండుకొబ్బరి అన్నీ వేయించి పొడి కొట్టగలను. కానీ మా ఇంట్లో సాంబారు వారానికి ఒక్కసారి, పొడి అయ్యేలోపు దాని వాసన పోతుంది. చిన్న ప్యాకెట్టే తాజా.

కొనకూడనిది ఒకటుంది, రవ్వ ఇడ్లీ మిక్స్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యానికి కరువొచ్చినప్పుడు బియ్యం బదులు బొంబాయి రవ్వతో ఇడ్లీ వేసి నిలదొక్కుకున్నది బెంగళూరు ఎంటీఆర్ హోటల్ అని చెబుతారు. అంటే ఆ వంట పుట్టిందే అడ్డదారిగా. రవ్వ వేయించి, పెరుగు కలిపి, పోపు వేసి, చిటికెడు సోడా వేస్తే అరగంటలో ఇడ్లీ. అడ్డదారికి మళ్లీ అడ్డదారి ఎందుకు?

ఇక ఆవకాయ. నా లెక్కలో ఇదొక్కటే చిక్కు. సగం రోజు పని, ఏడాదంతా పూటలు. లెక్క ప్రకారం గెలిచేది ఇదే. పైగా ఆవకాయ పెట్టేటప్పుడు చేయి తడి అసలు ఉండకూడదు. ముక్క, జాడీ, గరిటె, చేయి అన్నీ పొడిగా ఉండాలి, లేకపోతే బూజు. మే నెలలో మార్కెట్లో కాయలు కొంటే అక్కడే కత్తిపీట పెట్టుకుని టెంక సహా ముక్కలు కొట్టిస్తారు, సగం శ్రమ అక్కడే తీరిపోతుంది. వీలైతే పెట్టండి. వీలు కాకపోతే పెట్టిన చుట్టాల ఇంటికి వెళ్లండి, ఖాళీ సీసాతో.

ఎవరి చేయి?

ఇంట్లో వండితే మంచిదని చెప్పే వ్యాసాలన్నీ ఒక మాట మింగేస్తాయి: వండేది ఎవరు? తడిసే చేయి ప్రతిసారీ ఒక్కరిదే అయితే ఆ ఇంట్లో ప్యాకెట్ చిరగడం న్యాయమే. కాబట్టి పనులను మనుషుల పేర్లతో కాగితం మీద రాయండి. మా ఇంట్లో పప్పు నానబెట్టడం, తోడు వేయడం మా ఆయనవి. రుబ్బడం నాది. వెల్లుల్లి డబ్బా కుదపడం అబ్బాయిది. మిక్సీ గిన్నె తోమడం, అదే అన్నిటికంటే కష్టం, వంతులవారీగా. మా ఆయన మొదటిసారి నానబెట్టడం మరిచిపోయిన శనివారం నేను గుర్తుచేయలేదు. ఆదివారం ఉప్మా తిన్నాం. ఆ తర్వాత మరవలేదు.

ప్యాకెట్లకూ ఒక అర ఉంచండి

అన్నీ తీసిపారేయకండి. జ్వరం వచ్చిన రోజు, కరెంటు పోయిన రోజు, ఆఫీసు నుంచి పది గంటలకు వచ్చిన రోజు ఉంటాయి. ఆ అరలో నూడుల్స్ రెండు, సేమియా ఒకటి, ఒక సూపు ఉండనివ్వండి. నూడుల్స్ చేసేటప్పుడు మసాలా పొడిలో సగమే వేయండి, సోడియం ఎక్కువగా ఉండేది అందులోనే. మిగతా సగానికి బదులు ఉల్లిపాయ, క్యారెట్, ఒక గుడ్డు కొట్టి వేయండి. పిల్లలకు మొదటి రెండుసార్లు తేడా తెలుస్తుంది, గోల చేస్తారు. మూడోసారి వాళ్లే గుడ్డు అడుగుతారు.

పిండి గురువారానికి పుల్లబడితే పారబోయకండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి కలిపి గుంత పొంగణాలు వేయండి. పులుపే దాని రుచి.

నెల తర్వాత ఇంకో కాగితం అంటించి చూడండి. మా రెండో కాగితంలో పిండి లేదు, పెరుగు లేదు, పేస్ట్ లేదు. నూడుల్స్ మాత్రం మూడున్నాయి. రెండు అబ్బాయివి. మూడోదాని పక్కన "రాత్రి 11, ఊరికే" అని నా అక్షరాలే ఉన్నాయి.